మూడోనాటి ప్రార్థన

అన్న పోయిన మూడో రోజున ఫిర్యాల్ సిధోమ్ ఎనిమిది మంది పోలాండు యాత్రికులను వెంటబెట్టుకుని లక్సర్ నుంచి వ్యానులో బయలుదేరింది. పొద్దున అబైదోస్‌లో ఫరోల కాలపు గుడి, మధ్యాహ్నం సొహాగ్ దగ్గర క్రైస్తవుల తెల్ల మఠం, రాత్రికి మళ్ళీ లక్సర్. ఆమె నల్ల బట్టల్లో ఉంది. ఇంత ఎండలో నలుపేమిటని యాత్రికుల్లో హలీనా అనే పెద్దావిడ జాలిపడితే, అలవాటేనంది.

అలవాటేం కాదు. అన్న జరీఫ్ ఆదివారం తెల్లవారుతూనే పోయాడు, మధ్యాహ్నంలోపే మట్టి చేసేశారు. ఆ వేళకి ఫిర్యాల్ అస్వాన్ దగ్గర పడవ మీద వేరే గుంపుకి మొసలి దేవుడి కథ చెబుతోంది. కబురు అందేసరికి అంతా అయిపోయింది. ఇక మిగిలింది మూడోనాటి ప్రార్థన ఒక్కటే.

వాళ్ళ ఊరు నగ్ గత్తాస్‌లో నమ్మకం ఏమిటంటే, పోయిన మనిషి మూడు రోజులు ఇల్లు విడిచి వెళ్ళడు. పడుకున్న గదిలోనే ఉంటాడు, అందరి మాటలూ వింటుంటాడు. మూడో రోజున చర్చి ఫాదరు వచ్చి, పళ్ళెంలో నీళ్ళు పెట్టించి, సాంబ్రాణి వేసి, ప్రార్థన చదివి, ఆ నీళ్ళు ఇంట్లో మూలమూలా చల్లుతాడు. దాంతో ఆత్మకి సెలవు. ఏం చెప్పుకోవాలన్నా అంతవరకే. ఆ తరువాత గోడలకి చెప్పుకోవాలి. ఆ ఊరి ఫాదరు అబూనా బఖూమ్‌కి సొంత అలవాటు ఒకటుంది. నీళ్ళు చల్లబోయే ముందు ఆగి, ఈ మనిషి మీద ఎవరి మనసులోనైనా ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పి వదిలేయండి అని అడుగుతాడు. ప్రార్థన పుస్తకంలో ఆ మాట లేదు. అయినా నలభై ఏళ్ళుగా అడుగుతున్నాడు, ఊరు అలవాటు పడిపోయింది.

ఫిర్యాల్ మనసులో ఉంది. పదిహేనేళ్ళుగా ఉంది. గిర్గాలో కాపురం చేస్తున్న రోజుల్లో మొగుడు చెయ్యి విరగ్గొడితే, ఆ చేతిని తలగుడ్డలో కట్టుకుని అన్న ఇంటికి వచ్చింది. జరీఫ్ మంచినీళ్ళిచ్చాడు, ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు వేయించాడు, పొద్దు గుంకకముందే మళ్ళీ మొగుడి గుమ్మంలో దింపి వచ్చాడు. మన చర్చిలో విడాకులు లేవు, మన ఇంట్లో అసలే లేవు అన్నాడు. ఆ తరువాత నాలుగేళ్ళు ఆమె ఏం పడిందో ఇక్కడ చెప్పను. చెప్పినా మీకు తెలియనిదేం కాదు. చివరికి ఒక పెట్టె పట్టుకుని లక్సర్ పారిపోయి, గైడు లైసెన్సు సంపాదించుకుని, తన తిండి తను తింటోంది. కాగితాల మీద ఇప్పటికీ వాడి పెళ్ళామే. అన్నతో మాట్లాడి పదకొండేళ్ళు.

మాట్లాడలేదు గాని, ఈ ఏడాదిగా అన్న ఇంటి నంబరు నుంచి ఫోన్లు వస్తున్నాయి. పండక్కొకసారి, ఊరకే ఒకసారి. ఆమె ఎత్తలేదు. ఎత్తకపోయినా, ఆ నంబరు కనబడ్డ రోజున లోపల ఏదో మెత్తబడేది. పెద్దవాడయ్యాడు, ఒంట్లో బాగుండటం లేదట, తప్పు తెలిసొచ్చింది, నోరు తెరిచి అడగాలని చూస్తున్నాడు, ఈసారి చేస్తే ఎత్తుతాను అనుకునేది. ఈసారి వచ్చినప్పుడు, వచ్చేసారి ఎత్తుతాను అనుకునేది. అలా అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు.

అందుకని ఆ గదిలో ఉండాలి. అబూనా అడిగినప్పుడు తన నోటితో తను, "నాకేం లేదన్నయ్యా, వెళ్ళు" అనాలి. అనగలదో లేదో ఆమెకే తెలియదు. అనలేకపోతే, అనలేనన్న సంగతైనా ఆయన వింటుండగానే తేలాలి. అందుకు మధ్యాహ్నం మూడింటికి నగ్ గత్తాస్‌లో ఉండాలి.

రైలెక్కి ఉంటే పదింటికల్లా చేరేది. ఎవరైనా అదే అంటారు. కాని సోమవారం ఆఫీసువాళ్ళు ఫోను చేసి, పోలిష్ మాట్లాడే గైడు ఊళ్ళో ఇంకెవరూ దొరకడం లేదని బతిమాలారు. మఠానికి వెళ్ళే దారి నగ్ గత్తాస్ మీదుగానే పోతుందని తట్టగానే ఆమె ఒప్పేసుకుంది. వెళ్ళనా మాననా అని రెండు రోజులుగా తేల్చుకోలేని మనిషికి, దారే అటు తీసుకెళ్తుంటే అంతకంటే సుఖమేముంది. తనంతట తాను వెళ్ళినట్టూ కాదు, మానినట్టూ కాదు. ఫిర్యాల్ బతుకంతా ఇలాంటి తెలివితేటలతోనే తెల్లారింది.

వ్యాను డ్రైవరు ఖలఫ్‌కి మాత్రం సంగతి చెప్పింది. ఖలఫ్ ముస్లిము, లక్సర్‌వాడు, నోరు ఊరుకోదు.

"మీవాళ్ళు చాలా నయం మేడమ్, మూడు రోజులు ఉండనిస్తారు. మా మామ పోయిన సాయంత్రమే మా అత్త ఆయన మంచం అమ్మేసింది" అన్నాడు.

ఆమె నవ్వలేదు. దాంతో ఖలఫ్ నాలుక కరుచుకుని, పావు తక్కువ మూడుకల్లా ఇంటి ముందు దింపుతాననీ, యాత్రికులకి చల్లటి నీళ్ళిచ్చి తను కూర్చోబెడతాననీ మాటిచ్చాడు. అరగంట పని, ఎవరూ ఏమీ అనుకోరు.

అబైదోస్‌లో ఆమె తన పని తను చేసింది. ఒసైరిస్ గది గోడ ముందు నిలబడి, ఆ దేవుణ్ణి సొంత తమ్ముడే చంపి ముక్కలు చేసిన కథ చెప్పింది. చెల్లెలు ఐసిస్ ఊరూరా తిరిగి ఆ ముక్కలన్నీ ఏరి, ఒళ్ళు కూర్చి, గద్దలా మారి రెక్కలతో విసిరి ప్రాణం పోసిన కథ. పెళ్ళామూ ఆవిడే, చెల్లెలూ ఆవిడే. ఇప్పటికి కొన్ని వందలసార్లు చెప్పి ఉంటుంది. నోరు కథ చెబుతూనే ఉంది, మనసు మాత్రం, ఆ అన్న ఈవిణ్ణి విరిగిన చేత్తో వెనక్కి పంపలేదు కదా, ఎందుకు ఏరదు, అనుకుంది.

హలీనాకి చేతికర్ర ఉంది, కుతూహలం అంతకంటే ఎక్కువ ఉంది. బొమ్మల మొహాలు కొన్నిచోట్ల ఉలితో చెక్కేసి ఉండటం చూసి, ఇదెవరు చేశారని అడిగింది. మామూలు రోజుల్లో ఫిర్యాల్ ఆ ప్రశ్నకి కాలం, మతం, రాజుల ఆజ్ఞలు అని మెత్తగా చుట్టి చెబుతుంది. ఇవాళ, మావాళ్ళే, తొలినాటి క్రైస్తవులే చేశారు, బొమ్మలు చూస్తున్నాయని భయపడ్డారు, అని ఊరుకుంది. ఒక గదిలో పూర్వం తలదాచుకున్న సన్యాసినులు గోడ మీద రాసుకున్న మాటలున్నాయి. నన్ను తలుచుకోండి, నా కోసం ప్రార్థించండి అని. హలీనా అక్కడ ఎంతసేపటికీ కదలలేదు. ఫిర్యాల్ ఆమె మోచెయ్యి పట్టుకుని దాదాపు లాక్కొచ్చింది. పదకొండున్నరకల్లా అందరినీ వ్యానులో కుక్కేసింది.

అంతవరకూ బాగానే ఉంది. ఆ జిల్లాల్లో విదేశీయులున్న బండి ఒంటరిగా తిరగకూడదు, ముందొక పోలీసు బండి ఉండాల్సిందే. ఒక ఠాణావాళ్ళు తమ హద్దుదాకా తెచ్చి రెండో ఠాణావాళ్ళకి అప్పజెబుతారు. ఇవాళ హద్దు దగ్గర రెండోవాళ్ళు లేరు. మొదటివాళ్ళు వదలరు, రెండోవాళ్ళు రారు. చెరుకు తోటల మధ్య, వ్యాను నీడలో, గంటన్నరకి పైగా. ఖలఫ్ మూడుసార్లు టీ తెచ్చాడు. ఫిర్యాల్ ఒక్కసారీ తాగలేదు. ఒకటిన్నరకి వచ్చిన బండిలోంచి నల్ల కళ్ళద్దాల ఆఫీసరు ఒకతను దిగాడు. ముప్ఫయ్యేళ్ళు కూడా ఉండవు.

ఆమె దగ్గరకెళ్ళి, ఆ దేశంలో పోలీసు దొరల్ని పిలిచేటట్టు పాషా అని పిలిచి, సంగతంతా చెప్పింది. పోయింది తోడబుట్టినవాడని, మఠానికి వెళ్ళే రోడ్డుమీదే ఇల్లని, అరగంట చాలని. అతను ఆమె తెచ్చిన అనుమతి కాగితం రెండువైపులా చూశాడు. అందులో నగ్ గత్తాస్ లేదన్నాడు. కాగితంలో లేనిచోట విదేశీయుల బండి ఆగి, అక్కడ ఏమైనా జరిగితే తన మెడకి చుట్టుకుంటుందన్నాడు.

"పోనీ నన్నొక్కదాన్నే దింపేయండి పాషా. వాళ్ళని మఠంలో అప్పజెప్పి వెనక్కి వచ్చేటప్పుడు ఎక్కించుకోండి."

"గైడు లేకుండా వాళ్ళని లోపలికి ఎలా పంపను మేడమ్? డ్రైవరుతో కలిపి పదిమంది అని రాసుంది. పదిమందీ కలిసే ఉండాలి." కళ్ళద్దాలు తీసి, "మీ అన్నగారికి దేవుడు శాంతి ఇవ్వాలి" అన్నాడు. నిజంగానే బాధపడి అన్నాడు. తరువాత కళ్ళద్దాలు పెట్టుకుని బండెక్కాడు.

ఏడ్చి ఉంటే కరిగేవాడేమో. గొడవ చేసి, రోడ్డు మీద కూర్చుని ఉంటే విసుగెత్తయినా వదిలేవాడు. ఫిర్యాల్ "అలాగే పాషా" అంది. కాగితం ఏం చెబితే అది చేయడం ఆమెకి ఎవరో ఎప్పుడో బాగా నేర్పారు.

మూడుకి ఇరవై అయిదు నిమిషాలు ఉందనగా వ్యాను నగ్ గత్తాస్ చేరింది. రోడ్డు నుంచి నాలుగిళ్ళ అవతల, సందు మొదట్లోనే, ఎర్రటి పూల గుడ్డలతో వేసిన పందిరి కనిపించింది. కింద మగవాళ్ళు వరసగా కుర్చీల్లో కూర్చున్నారు. ఎవరో పళ్ళెంలో చక్కెర లేని కాఫీ తిప్పుతున్నారు. అబూనా బఖూమ్ అప్పుడే ఆటోలోంచి దిగుతున్నాడు, నల్లటి అంగీ కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని. ఆయన ఎక్కడికైనా వేళకి రావడం ఆమె ఎరిగినంతలో అదే మొదటిసారి. మేడ మీద కిటికీ దగ్గర ఎవరో ఆడమనిషి నిలబడి రోడ్డుకేసి చూస్తోంది.

ఖలఫ్ బండి నెమ్మది చేసి ఆమె వైపు చూశాడు. ముందున్న పోలీసు బండి హారను కొట్టింది.

"పోనివ్వు ఖలఫ్" అంది.

రంగురంగుల గుడ్డలు చూసి హలీనా వెనకనుంచి వంగి, పెళ్ళా అని అడిగింది. కాదంది ఫిర్యాల్.

తెల్ల మఠం గోడలు కిందినుంచి పైకి లోపలికి వాలి ఉంటాయి, అచ్చం ఫరోల గుడి గోడల్లా. కట్టిన రాళ్ళు కూడా చాలా వరకు అక్కడినుంచి తెచ్చినవే. పాత దేవుళ్ళ రాతలున్న బండలు కొన్ని మెట్లకి వాడారు, కొన్ని తలకిందులుగా పెట్టేశారు. ఫిర్యాల్ ఒక బండ మీద చెయ్యి పెట్టి అదంతా చెబుతూ, గడియారం కేసి చూసింది. సరిగ్గా మూడు. చెబుతున్న వాక్యం మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు నీళ్ళు పెట్టి ఉంటారు. ఇప్పుడు సాంబ్రాణి. ఇప్పుడు అబూనా అడుగుతూ ఉంటాడు.

యాత్రికులు ఓపిగ్గా చూస్తున్నారు. ఆమె, మన్నించండి, ఎండ, అని వాక్యం పూర్తి చేసింది.

వాళ్ళు లోపల తిరుగుతుంటే పీఠం ఎదుట నిలబడి, అన్నయ్యా అని పెదవులు కదిపింది. నాకేం లేదు అనబోయింది. రాలేదు. రాకపోగా విరిగిన చెయ్యి గుర్తొచ్చింది, ఆ రోజు దారంతా జరీఫ్ పంటల ధరల గురించి మాట్లాడటం గుర్తొచ్చింది, ఒళ్ళు మండింది. దేవుడి ఎదుట అలా మండటం తప్పని తెలిసీ మండింది. ఇంట్లో ఆ గదిలో అయితే వచ్చేదేమో, ఇక్కడినుంచి చెబితే ఆయనకి వినబడదు, అందుకే రావడం లేదు, అని సర్దిచెప్పుకుంది.

తిరుగు ప్రయాణంలో, నాలుగున్నరకి, సరిగ్గా ఆ సందు దగ్గర ఖలఫ్ బండి ఆపి దిగి, ముందు మూత ఎత్తేశాడు. ఇంజను ఉడికిపోతోందన్నాడు. ఆఫీసరు దిగి వచ్చి ఇంజను మీద అరచెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి అక్కడే ఉంచి ఖలఫ్ మొహం చూశాడు, తరువాత ఫిర్యాల్ మొహం చూశాడు.

"పదిహేను నిమిషాలు చల్లారనివ్వు" అని వెళ్ళి తన బండి అవతలివైపు నిలబడి సిగరెట్టు వెలిగించాడు.

పందిరి కింద మగవాళ్ళు సగం మంది వెళ్ళిపోయారు. ఉన్నవాళ్ళు లేచి దారిచ్చారు. లోపల నేల ఇంకా తడిగా ఉంది. సాంబ్రాణి వాసన గొంతుకి అడ్డం పడుతోంది. చాపల మీద ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే ముసలి మేనత్త లేచి, రెండు చేతులా తల పట్టుకుని నుదుటిమీద ముద్దు పెట్టింది.

"ఎంత పెద్ద మనసే తల్లీ నీది. విన్నాం, అందరం విన్నాం. సుఖంగా వెళ్ళాడు."

మిగిలినవాళ్ళూ తలూపారు. ఒకావిడ ఆమె చెయ్యి అందుకుని కళ్ళకి అద్దుకుంది. ఏం విన్నారో ఫిర్యాల్‌కి అర్థం కాలేదు. ఈలోగా వదిన తఫీదా కాఫీ కప్పుతో వచ్చి, కప్పు ఆమె చేతిలో పెట్టి, నడవలోకి తీసుకెళ్ళింది. బాగా చిక్కిపోయింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"అబూనా అడిగాడు. అందరూ నా మొహమే చూశారు. ఫిర్యాల్ కబురంపింది, తన మనసులో ఏం లేదంది, వదిలేసింది అని చెప్పాను" అంది.

"నేను కబురేం పంపలేదు వదినా."

"పంపలేదు."

"మరెందుకు చెప్పావు? నేను వస్తున్నాను కదా. నా నోటితో నేను చెప్పుకునేదాన్ని కదా."

"వచ్చావు. చూశాను. మేడ మీద కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ముందు సీట్లో కూర్చున్నావు. మన సందు ముందు మీ బండి నెమ్మదించింది, మళ్ళీ వెళ్ళిపోయింది. ఇంక రాదులే అనుకున్నాను." తఫీదా మాటలో నిష్ఠూరం లేదు. అలిసిపోయి ఉంది. "నువ్వు రావు, ఆయన వెళ్ళాలి. ఏం చెయ్యమంటావు?"

ఫిర్యాల్ పోలీసుల సంగతి చెప్పబోయి మానేసింది. పోనివ్వు అన్నది తనే. ఆ మాట వదినకి తెలియదు, తనకి తెలుసు. కప్పు కిటికీలో పెట్టింది.

"అన్నయ్య అన్నిసార్లు ఫోను చేశాడు. అడగడానికే చేశాడని నాకు తెలుసు. తెలిసీ ఎత్తలేదు. అది చెప్పుకుందామనే వచ్చాను వదినా."

తఫీదా తల అడ్డంగా ఊపింది. అబద్ధం ఒకటి చెప్పి ఊరుకోవచ్చు. ఆ రోజుకి అప్పటికే ఒకటి చెప్పింది, రెండోదానికి ఓపిక లేకపోయింది.

"ఆ ఫోన్లు నేను చేశాను."

"నువ్వా?"

"నేనే. ఆయన పక్కనే కూర్చుని ఉండేవాడు. ఎవరికి చేస్తున్నావని కూడా అడగలేదు ఎప్పుడూ. తెలుసో, తెలియదో. ఆఖరి రోజుల్లో నేనే అడిగాను, ఆ పిల్ల విషయంలో చేసింది తప్పు కదా, ఒక్క మాట అనరాదా అని. దాని కాపురం నిలబెట్టాను, తప్పేంటన్నాడు." తలగుడ్డ అంచుతో మొహం తుడుచుకుంది. "ఆయన అడిగే మనిషి కాదు. నువ్వు ఇచ్చే మనిషివి కాదు. ఆయన తరఫున అడిగిందీ నేనే, నీ తరఫున ఇచ్చిందీ నేనే. ఇంకెవరున్నారమ్మా ఈ ఇంట్లో?"

ఫిర్యాల్‌కి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఈ చిక్కిపోయిన మనిషి మీద రాదు. ఇంక ఆయన మీద వచ్చి లాభం లేదు. ఏడాదిపాటు ఆ నంబరు చూసి మెత్తబడ్డందుకు తన మీద తనకి వచ్చింది, సిగ్గుతో కలిసి.

అన్న గది తలుపు తీసే ఉంది. పరుపు చుట్టేసి గోడకి ఆనించారు. కిటికీ తెరిచారు. మూలల్లో నీళ్ళు ఇంకా ఆరలేదు. ఆమె గడప మీద నిలబడింది. లోపలికి వెళ్ళలేదు.

"నాకుంది అన్నయ్యా" అంది, మెల్లగా. ఇంత తేలిగ్గా వచ్చిన మాట ఈ రోజంతటిలో అదొక్కటే. వినాల్సిన మనిషి గదిలో లేడు.

బయట హారను మోగింది. ఫిర్యాల్ వదినని కౌగిలించుకుంది. చాపల మీది ఆడవాళ్ళు మళ్ళీ ఆశీర్వదించారు, మళ్ళీ పెద్ద మనసన్నారు. ఆమె కాదనలేదు. తఫీదా ఆమెకేసి భయంగా చూస్తోందని తెలుసు, అందుకని వాళ్ళందరి ఎదుటా తలవంచి, అవునన్నట్టు నిలబడింది. ఈ ఊళ్ళో ఇక ఎప్పటికీ ఆమె అన్నని క్షమించిన చెల్లెలు.

వ్యాను ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. ఖలఫ్ మూత దించి బండి తీశాడు. పందిరి వెనక్కి పోతుంటే హలీనా కర్ర మీద వాలి ముందుకు వంగింది. ఇంతసేపూ వెళ్ళొచ్చారు, ఎవరి ఇల్లు అని అడిగింది.

"మా అన్నయ్యది."

"అయ్యో, ముందే చెప్పకపోయారా. ఇందాక మనం వెళ్ళేటప్పుడే ఆపించేవాళ్ళం. ఇంట్లో ఉన్నారా మరి?"

"లేడు" అంది ఫిర్యాల్. "మూడింటికే వెళ్ళిపోయాడు."